వస్తానని వెళ్లిన థ్రెడ్డు

మా సికింద్రాబాదులో ప్రతి మేడమీదా ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూటూ, దాని మెట్లకింద ఒక జిరాక్స్ షాపూ పుట్టుకొచ్చిన కాలం ఒకటుండేది. అప్పట్లో "మా అమ్మాయి సాఫ్ట్‌వేర్" అంటే చాలు, ఎదుటివాళ్లు తలూపి ఊరుకునేవాళ్లు. ఏ సాఫ్ట్‌వేరు, అందులో ఆ పిల్ల పొద్దస్తమానం ఏం చేస్తుంది అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అడిగితే చాలామంది చెప్పలేకపోయేవాళ్లు కూడా. నేను మాత్రం చెప్పగలననుకునేదాన్ని. అసలు ఆ వయసులో నేను చేయలేననుకున్న పని ఏదైనా ఉందేమోనని ఇప్పుడు కూర్చుని వెతికితే ఒక్కటీ దొరకడం లేదు. సి భాష రాసేవాళ్లు రెండు రకాలనీ, మొదటి రకంలో నేనూ, రెండో రకంలో మిగతావాళ్లూ ఉంటారనీ నా గట్టి అభిప్రాయం. (ఈ మాట నేనెప్పుడూ పైకి అనలేదు. అనక్కర్లేదు, నీ నడకలోనే తెలిసేది అని మా అక్క ఇప్పటికీ దెప్పుతుంది.)

మాది విజయనగరం వైపు. నాన్న ఉద్యోగం కోసం ఈ ఊరొచ్చి మల్కాజ్‌గిరిలో ఉండిపోయాం. నాన్నకి కళ్లకి కనబడే ఉద్యోగాలంటేనే నమ్మకం. కనబడడమంటే ఒక కౌంటరు ఉండాలి, దాని వెనక కుర్చీ ఉండాలి, కుర్చీలో మనిషుండాలి. బేగంపేటలో ఒక మేడమీద, బయట సరైన బోర్డయినా లేని చిన్న కంపెనీలో నాకు ఉద్యోగం వస్తే ఆయన సంతోషించలేదు, అలాగని వద్దనలేదు. "ప్రొబేషన్ అయ్యాక పర్మినెంట్ చేస్తే సరే. చెయ్యకపోతే మారుమాట్లాడకుండా బ్యాంకు పరీక్షలకి కూర్చోవాలి" అన్నారు. నేను నవ్వి ఒప్పుకున్నాను. నన్ను పర్మినెంట్ చేయక ఇంకెవర్ని చేస్తారు? ఆయన మర్నాడే కోఠీ వెళ్లి బ్యాంకు పరీక్షల గైడు ఒకటి కొనుక్కొచ్చి, దానికి ఖాకీ అట్ట వేసి, టీవీ మీద పెట్టారు. వార్తలు చూసినా, సినిమా చూసినా ఆ ఖాకీ అట్ట పైనుంచి నా వంకే చూస్తూ ఉండేది.

ఆఫీసులో నాకు పని అప్పజెప్పేది మా టీమ్ లీడరు. సికింద్రాబాదులోనే పుట్టి పెరిగిన మనిషి, అందరికీ అన్న. ఏ ఇబ్బంది వచ్చినా "పరేషాన్ గాకు" అనేవాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం చూస్తే అప్పటిదాకా లేని భయం కొత్తగా పట్టుకునేది. అందుకని మేమంతా ఆయనకి పరేషాన్ అన్న అని పేరు పెట్టుకున్నాం. మా ప్రోగ్రాము కొనబోయేది ఊరూరా గోదాములున్న ఒక కంపెనీ. గోదాముల్లో బస్తాలు తూచే యంత్రాలుంటాయి. ఒక్కో యంత్రం దగ్గర మా ప్రోగ్రాము తరఫున ఒక్కో థ్రెడ్డు కాపలా ఉంటుంది. థ్రెడ్డంటే బ్రహ్మపదార్థమేం కాదు, ఒకే ప్రోగ్రాములో ఎవరి పని వాళ్లు విడిగా చేసుకునే పనివాళ్లలో ఒకరనుకోండి. యంత్రం నుంచి బరువు వచ్చేదాకా అది గుమ్మంలో కూర్చుని ఎదురుచూడాలి. కదలదు, మెదలదు, ఇంకో పని చెప్పినా వినిపించుకోదు. సాయంత్రం గోదాము మూసేటప్పుడు మెయిన్ ప్రోగ్రాము దానికి "ఇక బరువులు రావు, లేచి వెళ్లు" అని కబురు పెట్టాలి. అలా ఎదురుచూపులో కూర్చున్నదాన్ని లేపి పంపడం, అది నిజంగానే వెళ్లిందా లేదా అని పరీక్షించడం, ఇదీ నా పని.

ఇంట్లో "థ్రెడ్ క్యాన్సిల్ టెస్టింగ్" అని చెప్పాను. నాన్న దాన్ని తెలుగు చేసి పక్కింటివాళ్లతో "దారాలు రద్దు చేసే పని" అన్నారు. పక్కింటి పిన్నిగారు మర్నాడే గోడ మీంచి నన్ను పిలిచి, జాకెట్లు కుట్టడానికి మీ కంపెనీ దారం రంగు దిగకుండా ఉంటుందా అని అడిగింది. ఈ దారం ఆ దారం కాదండీ అన్నాను. "నైలానా?" అంది. అవునన్నాను, బస్సుకి టైమవుతోంది మరి.

ఈ పంపడంలో ఒక తిరకాసుంది. ఒక్కోసారి థ్రెడ్డు చేతిలో తాళం ఉంటుంది. బరువులు రాసిపెట్టే చోటికి అందరూ ఒకేసారి ఎగబడకుండా పెట్టుకున్న తాళం అది. దాన్ని చేతిలో పట్టుకునే థ్రెడ్డు వెళ్లిపోయిందనుకోండి, మిగతావన్నీ తలుపు ముందు పడిగాపులు పడుతూ ఉండిపోతాయి. (మా పిన్ని ఒకసారి బీరువా తాళాలు బొడ్లో దోపుకుని అన్నవరం వెళ్లిపోయింది. ఆ రోజు నాన్న ఆఫీసుకి లుంగీ మీద వెళ్లాల్సిన పరిస్థితి వచ్చింది.) కాబట్టి వెళ్లమనగానే థ్రెడ్డు దిగ్గున లేచి పోకూడదు. ముందు తాళం అప్పజెప్పాలి, తను వెళ్తున్నట్టు ఒక మాట చెప్పాలి, అప్పుడు వెళ్లాలి. ఆ ఆఖరి మర్యాద రాసింది నేనే.

మర్యాద సంగతి వచ్చింది కాబట్టి మా నాయనమ్మ గురించి చెప్పాలి. ఆవిడ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేది. ఆవిణ్ణి దాటకుండా మా ఇంట్లోంచి ఎవరూ బయటికి వెళ్లడానికి లేదు. నేను పొరపాటున "పోతున్నా నాయనమ్మా" అన్నానా, అయిపోయిందే. "ఏటే, పోతానంతావేటి? శుభమా అని ఎల్తూ అదేం మాటే? ఎనక్కొచ్చి కూకో. మంచినీల్లు తాగు. ఎల్లొత్తానని చెప్పి అప్పుడెల్లు" అనేది. నేను వెనక్కి వచ్చి, కూర్చుని, నీళ్లు తాగి, వెళ్లొస్తానని చెప్పి బయలుదేరేసరికి బస్సు కాస్తా మలుపు తిరిగిపోయేది. ఎక్కడికి అని వెనకనుంచి అడగడం కూడా నిషేధమే. లోపలివాళ్లు "సరే" అనాలి, అంతే. అమ్మ సరే అని, నేను వీధి చివర మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా గేటు పట్టుకుని నిలబడేది.

సరిగ్గా ఇదే పద్ధతి నేను ప్రోగ్రాములో పెట్టాను. వెళ్లమని కబురు రాగానే థ్రెడ్డు తాళం అప్పజెప్పి, తెర మీద "వస్తా" అని రాస్తుంది. మెయిన్ ప్రోగ్రాము అది పూర్తిగా వెళ్లిపోయేదాకా నిలబడి చూసి, వెళ్లిందని రూఢి చేసుకున్నాక "సరే" అని రాస్తుంది. రెండు మాటలూ తెలుగే, ఇంగ్లీషు అక్షరాల్లో. అలా ఎందుకు రాశావని ఎవరైనా అడిగితే, తెర మీద వరదలా వచ్చిపడే ఇంగ్లీషు సందేశాల్లో నావి ఇట్టే కనబడాలని అని చెప్పడానికి జవాబు సిద్ధంగా ఉంచుకున్నాను. అసలు సంగతేమిటంటే "పోతున్నా" అని రాయబోతే నా చెయ్యి రాలేదు. రాసి, నడిపి చూశాను. థ్రెడ్డు ఎదురుచూస్తూ కూర్చుంది, కబురు పెట్టాను, "వస్తా" అంది, "సరే" అంది ఇవతలిది. ముచ్చటేసింది. పరేషాన్ అన్నని పిలిచి చూపిస్తే ఆయన కూడా మురిసిపోయి "మస్తుగుంది అమ్మా" అన్నాడు. అది ఎవరికైనా వేరేలా అర్థమవుతుందన్న ఊహ మా ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

ఆ ప్రోగ్రామును పరీక్షించి సరుకు బావుందని సంతకం పెట్టడానికి గోదాముల కంపెనీ తరఫున ఒకాయన ఉత్తరాది నుంచి దిగారు. ఆయన సంతకం పెడితే మా ప్రోగ్రాము అమ్ముడవుతుంది, అమ్ముడయితే నన్ను పర్మినెంట్ చేస్తారు, చేయకపోతే ఖాకీ అట్ట. ఆయనకి మేం పెట్టిన పేరు మీటర్‌సారు. ఎందుకంటే ఆయన తెలుగంతా సికింద్రాబాద్ ఆటోవాళ్ల దగ్గర నేర్చుకున్నారు. "మీటర్ వెయ్యి", "ఎంత", "సీదా పో", "రాను" అనే మాటలు ఆయనకి కంఠతా వచ్చు. "నేను తెలుగు తెలుసు, నా ముందర జాగ్రత్త" అని వచ్చిన మొదటిరోజే మమ్మల్ని హెచ్చరించారు. ఆటోవాళ్లు ఆయనతో ఎప్పుడూ రాను అనేవాళ్లట. ఒక్కడెవడో పుణ్యాత్ముడు "వస్తా, ఎక్కు సార్" అన్నాడట. అంత అరుదుగా దొరికిన మాటని ఏ మనిషైనా మరిచిపోతాడా?

మీటర్‌సారు మా ప్రోగ్రామును తన గదిలో తలుపేసుకుని పరీక్షించారు. అంతా అయ్యాక రిపోర్టు ఒకటి రాసి పరేషాన్ అన్న చేతిలో పెట్టి, వేరే పని మీద మద్రాసు వెళ్లిపోయారు. శుక్రవారం తిరిగొస్తాననీ, అప్పటికి బాగుచేసి ఉంచమనీ చెప్పారు. అన్న ఆ కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చిన తీరు చూసే అనుకున్నాను, ఏదో మునిగిందని.

"పరేషాన్ గాకు గానీ, ఏందమ్మా గిది? నీ థ్రెడ్డు పోతలేదంట" అన్నాడు.

రిపోర్టులో ఇంగ్లీషులో రెండే ముక్కలున్నాయి. క్యాన్సిల్ చేశాక థ్రెడ్డు రిటర్న్ అవుతోంది. మెయిన్ ప్రోగ్రాము దానికి అనుమతి ఇస్తోంది.

ఇప్పుడు మీకు నవ్వొస్తుంది గానీ, ఆ రిటర్న్ అనే మాటకి మా వృత్తిలో వేరే అర్థముంది. ఒక పని ముగించుకుని జవాబుతో వెనక్కి రావడాన్ని రిటర్న్ అంటాం. ప్రతి సి ప్రోగ్రాములోనూ అడుగడుగునా ఆ మాటే ఉంటుంది. అంటే థ్రెడ్డు కబురు వినిపించుకోకుండా, ఎదురుచూపులోంచి మామూలుగా లేచి తన మానాన తను పని చేసుకుంటోందని నేను అర్థం చేసుకున్నాను. "నేను వందసార్లు చూశాను అన్నా. పోతోంది" అన్నాను.

"మరి గాయన పోతలేదని రాసిండు గదా."

"ఆయన్నే అడుగుదామా?"

"వద్దమ్మా. అడిగితే మనకు సమజ్ కాలేదనుకుంటడు."

ఈ ఒక్క విషయంలో అన్నకీ నాకూ పూర్తిగా ఏకాభిప్రాయం. అడగడమంటే తెలియదని ఒప్పుకోవడమే. ఒక్క ఫోను చేసి ఉంటే తీరిపోయే దాన్ని పట్టుకుని మేమిద్దరం లేని రోగానికి వైద్యం మొదలుపెట్టాం. థ్రెడ్డు ఎన్నిరకాలుగా ఎదురుచూడగలదో అన్నిరకాలుగా కూర్చోబెట్టి లేపి చూశాను. యంత్రం నుంచి బరువు కోసం ఎదురుచూస్తుంటే లేపాను, వెళ్లింది. కొత్త కనెక్షన్ కోసం చూస్తుంటే లేపాను, వెళ్లింది. నిద్రపుచ్చి మధ్యలో లేపాను, వెళ్లింది. కబురు ముందే పంపి తర్వాత కూర్చోబెట్టాను, కూర్చోకుండానే వెళ్లింది. ప్రతిసారీ నమస్కారం పెట్టినంత మర్యాదగా "వస్తా" అంటుంది, ఇది "సరే" అంటుంది. ఒక్కసారైనా మొండికేసిందా అంటే, వేరేవాళ్ల దగ్గరున్న తాళం కోసం ఎదురుచూస్తున్నప్పుడు మాత్రం కదలలేదు. అది దాని స్వభావమే, తప్పు కాదు. మా నాయనమ్మ జపంలో ఉన్నప్పుడు పిలిస్తే వినబడుతుంది, కానీ మాల పూర్తయ్యాకే పలుకుతుంది చూడండి, అలాంటిది. అయినా అదే దొంగేమోనని రెండు పూటలు దాని వెంట పడ్డాను.

ఇంట్లో పరిస్థితి ఇంకోలా ఉంది. నా మొహం చూసి నాన్నకి విషయం సగం తెలిసిపోయింది. నేను అన్నం తింటుంటే, "ఒక ఫొటో చూపించి రాము అన్నాడూ, ఈయన మా అమ్మకి ఒక్కగానొక్క కొడుకు కూతురికి నాన్న అని. అయితే రాముకి ఆయనేమవుతాడు?" అని అడిగారు. గైడు టీవీ మీద లేదు, ఆయన ఒళ్లో ఉంది. ఒక థ్రెడ్డు వెళ్లనంటోందన్న కారణానికి నేను జీవితాంతం కౌంటరు వెనక కూర్చుని, రాము బంధువర్గాన్ని లెక్కపెట్టుకుంటూ బతకాలా అనిపించి నిజంగానే ఏడుపొచ్చింది. ఏడవలేదు. నాకు రాని పని లేదు కదా మరి. (రాముకి ఆయనెవరో మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేదు. రామూయే అనుకుంటాను.)

శుక్రవారం మధ్యాహ్నం మీటర్‌సారు వచ్చారు. మీటింగు గదిలో ఆయనా, అన్నా, నేనూ, ఒక కంప్యూటరూ. ఏం బాగుచేశారని ఆయన అడిగారు. బాగుచేయడానికేమీ లేదు సార్, అది మొదటినుంచీ వెళ్తూనే ఉంది అన్నాను. అన్న బల్ల కింద నా చెప్పు మీద తన బూటు పెట్టి నొక్కాడు. "ఇంకోసారి నడుపు" అన్నారు మీటర్‌సారు. నడిపాను. థ్రెడ్డు కూర్చుంది. కబురు పెట్టాను. "వస్తా" అని వచ్చింది తెర మీద. కాసేపటికి "సరే" అని వచ్చింది.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, దొంగని పట్టుకున్నవాడిలా మా ఇద్దర్నీ మార్చిమార్చి చూశారు.

"నేను తెలుగు తెలుసు అని చెప్పాను కదా" అన్నారు. "మీరు పో అంటున్నారు. థ్రెడ్ ఏం చెప్తుంది? వస్తా చెప్తుంది. మెయిన్ ప్రోగ్రామ్ ఏం చెప్తుంది? సరే చెప్తుంది. ఇద్దరూ మాట్లాడుకున్నారు. మళ్లీ వస్తారు."

నాకు కళ్లముందు ఆ నాలుగు రోజులూ గిర్రున తిరిగాయి. నవ్వాలో, ఆ రిపోర్టు నమిలి మింగాలో తెలియలేదు. "సార్, మా ఇళ్లలో వెళ్లేటప్పుడు పోతాననరు. అశుభం. వస్తాననే అంటారు. అది వెళ్లడానికి చెప్పే మాటే" అన్నాను. ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపారు. తప్పు దొరికాక అందరూ ఏదో ఒక సంప్రదాయం చెబుతారట. అన్న ముందుకి జరిగి, "సచ్ సార్, మా దిక్కు సుత గంతే. పోతా అనం. పోయొస్తా అంటం, లేకుంటే వస్తా అంటం" అన్నాడు. "మీరిద్దరిదీ ఒక కంపెనీ. ఒకటే మాట చెప్తారు" అన్నారాయన. నేను మళ్లీ చెప్పాను, ఆయన మళ్లీ వద్దన్నారు. అన్న హిందీలో చెప్పాడు. అయినా వస్తా అంటే వచ్చేదే అన్నారు. ఆటోవాడు వస్తా అన్నాడు, వచ్చాడు, ఆయన స్వయంగా ఎక్కారు. ఇంతకంటే సాక్ష్యమేం కావాలి?

అలా సాయంత్రమైంది. మీటర్‌సారు ఇక ఫెయిల్ అని రాసేస్తానని పెన్ను తీశారు. అన్న గడియారం చూసుకుని లేచాడు. ఆయన కూతురు ఏ.ఎస్. రావు నగర్‌లో ట్యూషన్ దగ్గర ఎదురుచూస్తూ ఉంటుంది, రోజూ ఆ వేళకి ఆయనే వెళ్లి తెచ్చుకోవాలి. మొహంలో నెత్తురు చుక్క లేదు పాపం. బల్లమీది హెల్మెట్ తీసుకుని, అలవాటుకొద్దీ, "వస్తా సార్. పరేషాన్ గాకమ్మా" అని మెల్లగా తలుపు మూసి వెళ్లిపోయాడు.

మీటర్‌సారు పెన్ను కిందపెట్టారు. "ఓకే, అతను వచ్చాక రాస్తాను. ఇద్దరి ముందర రాయాలి" అని చేతులు కట్టుకుని తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు.

నేనూ కూర్చున్నాను. ఆయన తలుపు చూస్తున్నారు, నేను ఆయన్ని చూస్తున్నాను. ఎదురుచూపులో పడిన మనిషి అచ్చం నా థ్రెడ్డులాగే ఉంటాడని ఆ రోజే కనిపెట్టాను. కదలరు, మెదలరు, టీ తెమ్మంటారా సార్ అంటే వినిపించుకోరు. కాసేపటికి "ఏంటి, ఇంకా రాలేదు?" అన్నారు. అప్పుడు వెలిగింది నాకు. వెలగగానే లేచి కిటికీ తలుపు తీశాను.

"సార్, ఒకసారి ఇలా రండి."

ఆయన వచ్చారు. కింద మా గేట్లోంచి, అప్పటికి గానీ స్టార్టవని పరేషాన్ అన్న స్కూటరు బయటికి వస్తోంది. హెల్మెట్ పెట్టుకుని, ఒక కాలు నేలమీద ఆనించుకుంటూ, బస్సుల మధ్య సందు చూసుకుని, సికింద్రాబాదు వైపు తిరిగి వెళ్లిపోయాడు. మేమిద్దరం ఆ స్కూటరు ట్రాఫిక్‌లో కలిసిపోయేదాకా చూశాం.

"సార్, మా అన్న మీతో ఏమని చెప్పి వెళ్లాడు?" అన్నాను.

ఆయన ఇంకోసారి రోడ్డు వైపు తొంగిచూశారు. తర్వాత, "వస్తా" అన్నారు. ఆ మాటని నోట్లో వేసుకుని చూస్తున్నట్టు మెల్లగా అన్నారు. "ఇక రాడా?"

"సోమవారం వస్తాడు సార్."

"అంటే వస్తాడు కదా."

"అన్న వస్తాడు సార్. థ్రెడ్డు రాదు."

"రెండూ ఒకటే మాట చెప్పాయి."

"అవును సార్."

"మరి ఏది వస్తుంది, ఏది రాదు, మీకు ఎలా తెలుస్తుంది?"

"మాకు తెలుస్తుంది సార్" అన్నాను. ఆ వయసులో నేను అనగలిగిన మాట అదొక్కటే. ఆయన నా మొహంలోకి చూశారు. అక్కడ అనుమానమన్నది మచ్చుకైనా కనబడి ఉండదు. నవ్వి, వచ్చి కూర్చుని, పాస్ అని రాసి సంతకం పెట్టారు. ఆ తెలుగు మాటలు మాత్రం తీసేసి ఇంగ్లీషులో పెట్టమన్నారు. పెట్టాను, ఎగ్జిట్ అయిందని. నాయనమ్మ అర్థమేంటని అడిగితే, బయటికెళ్లిందని అన్నాను. "బయటికే గదేటి, తిరిగొత్తాదిలే" అంది ఆవిడ.

సోమవారం అన్న బెదురుతూ ఆఫీసుకొచ్చాడు. సంతకం చూపిస్తే నమ్మలేదు. ఎట్లయిందమ్మా అని అడిగాడు. నువ్వే చేశావన్నా అన్నాను. "నేనేం చేసిన? బిడ్డను తేనీకి పోయిన" అన్నాడు. ఎంత చెప్పినా నేను ఆటపట్టిస్తున్నాననే అనుకున్నాడు. మీటర్‌సారు వెళ్లేరోజు మా అందరికీ చేయి కలిపి, గుమ్మం దగ్గర ఆగి, పరీక్ష రాస్తున్న పిల్లాడిలా నా వైపు చూసి "వస్తా" అన్నారు. అందరం ఒక్కసారే "సరే సార్" అన్నాం. ఆయన మళ్లీ రాలేదు.

నన్ను పర్మినెంట్ చేశారు. నాన్న ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, ఖాకీ అట్ట గైడును తీసి పక్కింటివాళ్లబ్బాయికి ఇచ్చేశారు. (అతను ఇప్పుడు బ్యాంకు మేనేజరు. పక్కింటి పిన్నిగారు కనబడినప్పుడల్లా ఆ గైడు మహిమే అంటుంది.) పర్మినెంట్ అన్న మాటకి అర్థం మా నాన్నకి తెలిసినంత బాగా మా కంపెనీకి తెలిసినట్టు లేదు. అమెరికా వ్యాపారాలు చల్లబడి మా బేగంపేట మేడలన్నీ ఒక్కొక్కటే ఖాళీ అవుతున్న రోజుల్లో, ఒక శుక్రవారం సాయంత్రం పరేషాన్ అన్న ఎప్పట్లాగే హెల్మెట్ తీసుకుని నా బల్ల దగ్గర ఆగి "వస్తా అమ్మా" అన్నాడు. నేను తెర మీంచి తల కూడా తిప్పకుండా "సరే అన్నా" అన్నాను. సోమవారం ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. ఆ శుక్రవారమే ఆయన్ని ఉద్యోగంలోంచి పంపేశారట, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా వెళ్లాడు. కొన్నాళ్లకి కంపెనీయే వస్తానని చెప్పి వెళ్లింది. మాకు తెలుస్తుంది సార్ అని అంత ధీమాగా చెప్పినదాన్ని, నాకేం తెలిసింది?

ఆ తర్వాత వేరే ఉద్యోగాలు చేశాను, ఇప్పటికీ చేస్తున్నాను, బాగానే చేస్తున్నాను. నా కింద పనిచేసే పిల్లలు సాయంత్రం "బై మేడమ్" అని వెళ్తుంటే ఇప్పుడు తల తిప్పి చూస్తాను, లిఫ్ట్ తలుపు మూసుకునేదాకా చూస్తాను. వాళ్లకి తెలియనివాటిని అడగమని చెబుతాను, నేను కూడా అడుగుతాను, రోజుకి పదిసార్లు. అప్పుడప్పుడు మాత్రం ఆ పిల్ల గుర్తొస్తుంది, మల్కాజ్‌గిరిలో నీళ్లు తాగి బస్సు వెనక పరిగెత్తిన పిల్ల, తనకి రాని పని లేదనుకున్న పిల్ల. నాలోంచి అది ఎప్పుడు లేచి వెళ్లిపోయిందో నేను గమనించలేదు. వెళ్లేటప్పుడు వస్తాననే చెప్పి ఉంటుంది, మా నాయనమ్మ పెంపకం కదా. నేను తల తిప్పకుండా సరే అనే ఉంటాను.